రెండవ చార్లెస్‌ను నేను చంపిన సంగతి

ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ 1685లో తన మహల్లో, తన మంచం మీద చనిపోయాడు. కోలారు జిల్లాలో మాత్రం నేను అతని తలను ముప్పై ఆరేళ్ళు ముందే, 1649లోనే, జనం ఎదుట నరికించాను. నిజానికి ఆ ఏడాది తల పోయింది అతని తండ్రి మొదటి చార్లెస్‌కి. తండ్రికి పడిన వేటును కొడుక్కి వేసి, దాన్ని అచ్చు వేయించి, డిగ్రీ పిల్లల చేత బట్టీ పట్టించిన ఘనత నాది.

కాలేజీల్లో లెక్చరర్లుగా కొత్తగా చేరుతున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేని సంఘటన ఏది సార్ అని. వాళ్ళు ఎదురుచూసే జవాబు నాకు తెలుసు. బస్సు లేని రోజు నడిచి వెళ్ళి పాఠం చెప్పడం, పెద్దవాడైన శిష్యుడు వచ్చి కాళ్ళకు దండం పెట్టడం. అలాంటివి నా దగ్గరా కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటో రెండో జరిగినవి కూడా. అయితే నిద్రలో లేపి అడిగినా నాకు గుర్తొచ్చేది ఈ రాజహత్యే. మీరు కూడా రేపో మాపో ఎర్ర కలం పట్టుకుంటారు గనుక చెబుతున్నాను.

మాది గౌనిపల్లి పక్కన మామిడి తోటల ఊరు. ఇంట్లో తెలుగు, కాలేజీలో పాఠం కన్నడంలో. కోలారులో నేను పనిచేసిన డిగ్రీ కాలేజీ చరిత్ర శాఖలో మేం ఇద్దరమే పర్మనెంటు వాళ్ళం. నేను, నా పైన మా శాఖాధిపతి. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక నోట్సు రాసుకున్నారు. ఆ తర్వాత ఆయన చదివింది ఆ నోట్సు ఒక్కటే. దాన్ని క్లాసులో చదవడాన్ని పాఠం అనేవారు. శాఖ మీటింగు ఎప్పుడూ పెట్టలేదు. ఎందుకు పెట్టరని నేను ఒకసారి అడిగితే, మీటింగు పెడితే మాటలొస్తాయి అన్నారు. పార్లమెంటును పిలవకుండా పదకొండేళ్ళు రాజ్యం చేసిన మొదటి చార్లెస్ గురించి నేను పక్క గదిలో ఆవేశంగా పాఠం చెప్పేవాణ్ణి. చెప్పి, బయటికొచ్చి, మా రాజుగారికి గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్ అనేవాణ్ణి.

గైడు రాయమని నన్ను అడిగింది బస్టాండు దగ్గరి పుస్తకాల షాపు ఓనరు. పరీక్షలకు పనికొచ్చేలా, ప్రశ్నకు ఎనిమిది పాయింట్లు, పాయింటుకు మూడు లైన్లు. అంతకుమించి రాస్తే పిల్లలు కొనరు అన్నాడు. వేసవి సెలవుల్లో ఇరవై రోజుల్లో రాసేశాను. మా అన్న తోటలో కాయలు కోసి లారీకి ఎక్కిస్తుంటే, గడ్డి పరిచిన చెక్కపెట్టెల పక్కన కూర్చుని ఇంగ్లండు అంతర్యుద్ధం రాశాను. ప్రూఫులు వచ్చాయి. చూశాను. చూడటం అంటే, పేజీలు తిప్పాను.

ఆ గైడులో ఎడమ పేజీలో ఇలా ఉంది: 1649 జనవరి 30న రెండవ చార్లెస్‌ను ప్రజల సమక్షంలో శిరచ్ఛేదం చేశారు. కుడి పేజీలో ఇలా ఉంది: 1660లో రెండవ చార్లెస్ తిరిగివచ్చి సింహాసనం అధిష్ఠించాడు. రెండు పేజీలూ పక్కపక్కనే. పుస్తకం తెరిస్తే రెండూ ఒకేసారి కనబడతాయి.

ఎవరూ ఏమీ అనలేదు. పిల్లలు చంపారు, పిల్లలే సింహాసనం ఎక్కించారు, రెండింటికీ మార్కులు తెచ్చుకున్నారు. మిగతా కాలేజీల లెక్చరర్లు కూడా ఆ గైడే పట్టుకుని పాఠం చెప్పారు. ఎం.ఏ. పట్టాలు గోడకు తగిలించుకున్న అంతమందిలో ఒక్కరికీ ఆ తల ఎలా అతుక్కుందన్న అనుమానం రాలేదు. వాళ్ళను ఈసడించుకునే ముందు నా సంగతి చెప్పాలి. గైడు వచ్చిన రెండో ఏడాది, క్లాసులో ఆ పేజీ పైకి చదువుతుండగా నాకే కనబడింది. తలెత్తి చూస్తే అరవై తలలు వంచుకుని రాసుకుంటున్నాయి. గొంతు సవరించుకుని తర్వాతి పాయింటుకు వెళ్ళిపోయాను.

షాపు ఓనరుకు చెప్పాను. ఉన్న కాపీలు పోనీ సార్, కొత్త అచ్చులో మారుద్దాం అన్నాడు. కొత్త అచ్చు వచ్చింది, మారలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఎవరైనా అడిగితే కంపోజింగు వాడి తప్పు అని చెప్పడానికి మాట సిద్ధం చేసుకున్నాను. రిటైరయ్యాక పాత కాగితాలు సర్దుతుంటే రాతప్రతి దొరికింది. రెండవ అన్న మాట ముత్యాల్లాంటి నా చేతిరాతలోనే ఉంది.

ఆ తల గురించి అడిగింది ఒకే ఒక్క అమ్మాయి. కె.జి.ఎఫ్. నుంచి రోజూ బస్సులో వచ్చేది. తాత, తండ్రి ఇద్దరూ అక్కడి బంగారు గనిలో దిగినవాళ్ళు. గని మూతపడ్డాక తండ్రి బెంగుళూరులో కాపలా పనికి రోజూ రైల్లో పోయి వచ్చేవాడు, తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. గని కూలీల కోసం కట్టిన లైన్లలో ఇల్లు. వాళ్ళ చర్చి హాల్లో ఇంగ్లీషు దొరలు వదిలేసి పోయిన పుస్తకాల బీరువా ఒకటి ఉండేదట. తాళం చెవి అడిగి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇంగ్లండు చరిత్ర అక్కడ చదివింది. ఆమె సొంతంగా అదంతా చదివిందని, ఆ ప్రశ్న అడిగిన రోజు దాకా నాకు తెలియదు.

ఫైనలియర్ క్లాసులో లేచి నిలబడింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు నాతో తెలుగులోనే అడిగేవాళ్ళు.

"సార్, తల తెగినోడు పదకొండేండ్లకు మళ్ళా ఎట్ల వచ్చి రాజైనాడు?"

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వించడానికి అడగలేదు. నేను పుస్తకం మూసి, సిలబస్ పూర్తికావలసి ఉంది, అనుమానాలు తర్వాత అన్నాను. గంట కొట్టాక ఆమె వరండాలో నా కోసం నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. అందువల్ల నాకు ధైర్యం వచ్చింది. చంపింది మొదటి చార్లెస్‌నేనని, గైడులో తప్పు పడిందని ఒప్పుకున్నాను.

"మరి పరీక్షలో ఏది రాయాల సార్?"

"నిజం రాయమ్మా," అన్నాను. ఆ మాట చెప్పినందుకు ఆ పూటంతా నా మీద నాకే గౌరవం కలిగింది.

పరీక్షలయ్యాయి. వాల్యుయేషన్ క్యాంపు కోలారులోనే. ఈ క్యాంపులను చూడనివాళ్ళకు ఒక మాట. పెద్ద హాలు, బల్లల వరసలు, నంబర్లు కప్పేసిన జవాబు పత్రాల కట్టలు. పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట. మొదటిరోజు చీఫ్ వాల్యుయర్ అందరికీ కీ పంచుతాడు. ఏ ప్రశ్నకు ఏ పాయింట్లు ఉంటే ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. ఆ ఏడాది అంతర్యుద్ధం మీద పదిహేను మార్కుల ప్రశ్న వచ్చింది. కీ తీసి చూశాను. అది నా గైడు పేజీ. కీ తయారుచేసినవాడు పాయింట్ల వరస కూడా మార్చలేదు. చంపిన రాజు రెండవ చార్లెస్.

మాలూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర లెక్చరర్, పాపం కొత్తవాడు, లేచి, సార్, ఇది మొదటి చార్లెస్ కదా అన్నాడు. హాలంతా అతని వైపు విసుగ్గా చూసింది. చీఫ్ తన దగ్గరున్న కాగితం చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ పుస్తకం ఎవరిదో ఆయనకు తెలుసు.

"ఏమప్పా, పుస్తకం రాసినోడివి నువ్వే ఉండావు. మార్చల్లా, ఇట్లనే పోదామా?"

చీఫ్ అడిగింది ఒక్క మాట. అవును, తప్పు, మార్చండి అంటే ఒక నిమిషంలో అయిపోయేది. కానీ అంతమంది ముందు, నా పుస్తకంలో, అంత చిన్నపిల్లల తప్పు. ఇంగ్లండు రాజు సైనికులను వెంటబెట్టుకుని పార్లమెంటులోకి వచ్చి ఐదుగురు సభ్యులు ఎక్కడున్నారో చెప్పమంటే, సభాపతి మోకాళ్ళ మీద నిలబడి కూడా చెప్పనన్నాడు. ఈ ఘట్టం నేను క్లాసులో చెబితే పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. నన్ను బెదిరించడానికి ఆ హాల్లో సైనికులెవరూ లేరు. వడ, టీ ఉన్నాయి.

"కీ ప్రకారమే పోదాం సార్," అన్నాను.

కుర్ర లెక్చరర్ కూర్చున్నాడు. తర్వాత అంతా చేతులే పనిచేశాయి. మూడో రోజుకు కళ్ళు అక్షరాలు చూడవు, పాయింట్ల నంబర్లు చూస్తాయి. ఏ పత్రం ఎవరిదో నాకు గుర్తులేదు. మా కాలేజీ పత్రాలు మాకు రాకూడదన్నది నియమం. ఆ ఏడాది కట్టలు కలిసిపోయాయో, కలిపేశారో నాకు తెలియదు.

ఫలితాల్లో ఆ అమ్మాయి అన్నీ పాసై చరిత్రలో ఫెయిలయింది. నాలుగు మార్కులు తక్కువ. జవాబు పత్రం జెరాక్స్ తెప్పించుకుని నా దగ్గరికి వచ్చింది. బి.ఇడి.కి దరఖాస్తు పెట్టాలట. మూడు వారాల్లో మార్కుల కార్డు చూపించకపోతే ఆ ఏటికి సీటు లేదు. రీవాల్యుయేషన్ అర్జీతో పాటు, జవాబు సరైనదేనని పాఠం చెప్పిన లెక్చరర్ ఒక ఉత్తరం రాసి కాలేజీ ద్వారా పంపితే యూనివర్సిటీలో త్వరగా చూస్తారని ఎవరో చెప్పారట.

జెరాక్స్ కాగితాలు తిరగేశాను. ఐదు పేజీల జవాబు. పాయింట్లు లేవు, నంబర్లు లేవు. సముద్రం ఎరగని ఊళ్ళ మీద కూడా రాజు ఓడల పన్ను వేసిన సంగతి ఉంది. విచారణలో టోపీ తీయకుండా కూర్చుని, ఏ అధికారంతో నన్ను విచారిస్తున్నారని అడిగిన సంగతి ఉంది. చలికి వణికితే భయపడ్డాడని జనం అనుకుంటారని, చావబోయే రోజు రాజు రెండు చొక్కాలు వేసుకున్నాడని రాసింది. రాజును చంపినవాళ్ళ నాయకుడే తర్వాత సైనికులను తెచ్చి పార్లమెంటును బయటికి నెట్టాడని కూడా రాసింది. నా సర్వీసులో అంత మంచి జవాబు నేను చదవలేదు. అంటే, దిద్దాను కానీ చదవలేదు.

రెండు చొక్కాల పక్కన 'అనవసరం' అని ఉంది. 'ఒందనే చార్ల్స్', అంటే మొదటి చార్లెస్ అన్న చోట మొదటి మాటను రెండు గీతలతో కొట్టేసి, పైన 'ఎరడనే', అంటే రెండవ, అని దిద్ది ఉంది. చివర పదిహేనుకు మూడు. జెరాక్సులో ఎరుపు నల్లగా పడింది. అయినా ఆ రెండు గీతలు, ఆ అక్షరాల తోకలు నావి.

నేను ఏమన్నానో చెబుతాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

"దీన్ని దిద్దినవాడెవడో బొత్తిగా చదువులేనివాడమ్మా," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "ఔను సార్. నాకూ అట్లనే అనిపించింది," అంది.

ఉత్తరం రేపు రాసిస్తానన్నాను. మరునాడు మా శాఖాధిపతి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, పుస్తకం నీది, కీ నీ పుస్తకంలోంచి తీసింది, క్యాంపులో ఉన్నదీ నువ్వే, నీ మీద నువ్వే అర్జీ పెట్టుకుంటావా అన్నారు. కె.జి.ఎఫ్. నుంచి వచ్చే పిల్లలకు నోరెక్కువ, సెప్టెంబరులో మళ్ళీ రాసుకోనీ అన్నారు. సెప్టెంబరు అనడం ఎంత తేలికో. పార్లమెంటు అడిగిన ప్రతిదానికీ మొదటి చార్లెస్ కూడా తర్వాత చూద్దాం అనేవాడు. ఆయన్ను నేను లోపల్లోపల తిట్టుకున్నాను కానీ, ఆ సలహా నాకు చల్లగా తగిలింది. నేను వినడానికి వెళ్ళింది ఆ మాట కోసమే.

ఆమె మళ్ళీ వచ్చింది. శాఖాధిపతి సెలవులో ఉన్నారన్నాను. ఇంకోసారి వచ్చింది. లెటర్‌హెడ్ అయిపోయిందన్నాను. ఇంకోసారి వచ్చినప్పుడు నేను కిటికీలోంచి చూసి, మీటింగులో ఉన్నానని అటెండరు చేత చెప్పించాను. మా శాఖ చరిత్రలో జరిగిన ఏకైక మీటింగు అదే. అప్పటికి నేను గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ప్రతిసారీ ఆమెకు రానూ పోనూ రెండు బస్సులు, సగం రోజు.

పంతొమ్మిదో రోజు తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా పాప తప్పు రాసింటే తప్పని చెప్పేయండి సార్. ఇంగ ఇంటికి పిలుచుకొని పోతాను. ఊరికే తిప్పించొద్దు."

అప్పటికి నేను ఒక ఉత్తరం తయారుచేసి పెట్టుకున్నాను. గైడులో అచ్చుతప్పు వల్ల కీలో పొరపాటు దొర్లిందనీ, విద్యార్థిని జవాబును సానుభూతితో పరిశీలించాలనీ అందులో రాశాను. సానుభూతి అన్న మాట ఎంచుకుని వాడాను. అమ్మాయి నిలబడే చదివింది. చదివి, మడిచి, నా బల్ల మీద పెట్టింది.

"అచ్చుతప్పు పుస్తకంలో కదా సార్. నా పేపర్లో కొట్టేసింది ఎవురు?"

నేను ఆ ఉత్తరాన్ని సొరుగులోకి తోశాను.

"మూడేండ్లు మీకాడ టెస్టులు రాసినాను సార్. మీరు కొట్టేసే గీత నాకు తెలీదా? జెరాక్స్ చూసిన రోజే తెలిసింది. మీరే చెప్తారని వచ్చినాను."

తల్లికి విషయం అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆమె కోప్పడి ఉంటే నాకు బాగుండేది. చేతిలో ఉన్న సంచిని ఇటునుంచి అటు మార్చుకుని, కూతురి పక్కకు జరిగి నిలబడింది. అప్పటిదాకా ఆమె నిలబడింది నా బల్ల వైపు.

"నాకు సానుభూతి వద్దు సార్," అంది అమ్మాయి. "నేను రాసింది రైటు అని రాయండి. కొట్టేసింది తప్పు అని రాయండి."

మొదటి చార్లెస్ చివరిదాకా తనను విచారించిన న్యాయస్థానాన్ని ఒప్పుకోలేదు. నన్ను విచారించడానికి ఆమెకు ఏ అధికారం ఉందని అడిగే మొహం నాకు లేదు. కొత్త కాగితం తీసుకున్నాను. ఆ జవాబు దిద్దింది నేనేనని, అందులో ఉన్నదే సరైన చరిత్ర అని, గైడులో తప్పు నాదేనని, తెలిసి కూడా క్యాంపులో చెప్పలేదని రాశాను. పదకొండు వాక్యాలు. పావుగంట కూడా పట్టలేదు. శాఖాధిపతి సంతకం పెట్టనంటే నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చదవకుండానే ముద్ర వేయించారు.

ఆ తర్వాత కొన్ని వారాలు నేను కొలువు పోగొట్టుకోబోయేవాడిలా తిరిగాను. మెమో వస్తుందనుకున్నాను. విచారణ వేస్తారనుకున్నాను. ఇంట్లో భార్యకు ముందే చెప్పి పెట్టాను. ఏమీ రాలేదు. చాలా రోజుల తర్వాత యూనివర్సిటీ నుంచి ఒక కవరు వచ్చింది. విప్పాను. వచ్చే సంవత్సరం చరిత్ర కీ తయారుచేసే కమిటీలో నన్ను సభ్యుడిగా నియమించారు. నా ఒప్పుకోలు ఎవరూ చదవలేదన్నమాట. ఏ గుమాస్తానో అర్జీకి గుచ్చి పెట్టి ఉంటాడు. దేనికి భయపడి నేను పంతొమ్మిది రోజులు దాక్కున్నానో అదసలు లేనే లేదు.

ఆమె జవాబును ఇంకొకరు దిద్దారు. పదిహేనుకు పన్నెండు వచ్చాయి, పాసయింది. కానీ మార్కుల కార్డు వచ్చేసరికి బి.ఇడి. జాబితా మూసేసి పది రోజులయింది. ఆ ఏడాదంతా ఆమె నరసాపుర వైపు ఒక ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసింది. మరుసటి ఏడు సీటు వచ్చింది. గైడు కొత్త అచ్చులో రాజును మార్పించాను. మార్చాక కూడా ఎవరూ గమనించలేదు.

ఈ మధ్య పెన్షన్ కాగితాల పని మీద కోలారు వెళ్ళి, బస్టాండులో శ్రీనివాసపురం బస్సు కోసం కూర్చుని ఉంటే, ఎవరో వచ్చి బాగుండారా సార్ అన్నారు. ఆమే. లక్కూరు వైపు ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉందట. పదో తరగతి వాల్యుయేషన్ డ్యూటీకి వచ్చి తిరిగి పోతోంది. పక్కన కూర్చుంది. తల్లి ఎలా ఉందని అడిగాను, బాగుండాది అంది. ఆ ఏడాది సంగతి నేను ఎత్తలేదు. ఆమే మాట తెచ్చింది. నన్ను దెప్పడానికి కాదు, మామూలుగా, సాటి టీచరుకు చెప్పినట్టు.

"పోయినేడు క్యాంపులో నేనూ ఒక పాప జవాబు కొట్టేసినాను సార్. పాప రాసింది రైటే. నేనే సరిగ్గా చదవలేదు. ఇంటికి పోతా బస్సులో తట్టింది."

"మరేం చేసినావమ్మా?" అని అడిగాను.

"పొద్దన్నే పోయి చీఫ్‌కి చెప్పినాను. కట్ట సీలు వేసేసినారు, విప్పించినాను. అందరి ముందరా తిట్టినాడు. దిద్ది మళ్ళా సీలు వేయించినాను."

"ఎంతసేపు పట్టింది?"

"గంట సార్," అంది, లేచి తన బస్సు వైపు చూస్తూ.